కర్ట్ ఫ్లడ్: బదిలీని కాదన్న ఆటగాడు

ఐపీఎల్ వేలం జరిగే రోజుల్లో మన ఇళ్లల్లో రెండు మాటలు తప్పకుండా వినబడతాయి. ఒకడికి 27 కోట్లు, అదే జట్టులో పక్కన నిలబడేవాడికి 30 లక్షలు, ఇదెక్కడి న్యాయమని పెద్దవాళ్లు అంటారు. డబ్బున్న జట్టే మంచివాళ్లందరినీ కొనేస్తే ఇక ఆటేముంటుందని పిల్లలు అంటారు. పిల్లల ప్రశ్నకు ఐపీఎల్ వాళ్లు ఒక జవాబు పెట్టుకున్నారు. ప్రతి జట్టుకూ ఒకే పర్సు. 2025 ఆటలకు అది 120 కోట్లు. వేలంలో ఆ పైన ఒక్క రూపాయి ఖర్చు పెట్టడానికి లేదు.

ఈ రెండు ప్రశ్నలూ అమెరికా బేస్‌బాల్‌లో నూరేళ్లకు పైగా నలిగాయి. అక్కడి యజమానులు చాలాకాలం చెప్పిన జవాబు వేరు. జట్ల మధ్య సమతూకం ఉండాలంటే ఆటగాడు కదలకుండా కట్టేసి ఉంచాలన్నారు. ఆ కట్టు న్యాయం కాదని దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లి అడిగిన మనిషి కర్ట్ ఫ్లడ్. ఆయన కేసు ఓడిపోయింది. ఆయన బతుకూ చాలాకాలం ఓడిపోయింది. ఈ రోజు అక్కడి ఆటగాళ్లు తీసుకునే ప్రతి డాలరు వెనుకా ఆయన నష్టం కొంత ఉంది. ఈ వారం ఆయన జీవితాన్ని మన పాఠకులకు చెబుతున్నాం.

ఓక్లాండ్ నుంచి దక్షిణాదికి

ఫ్లడ్ 1938 జనవరి 18న టెక్సాస్ రాష్ట్రంలోని హ్యూస్టన్‌లో పుట్టారు. నల్లజాతి కుటుంబం. ఆరుగురు పిల్లల్లో ఆఖరివాడు. ఆయన పసితనంలోనే కుటుంబం కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌కు వలస వెళ్లింది. తల్లిదండ్రులిద్దరూ రెక్కలు ముక్కలు చేసుకుని పిల్లల్ని సాకారు. పేటలో అల్లరికి లోటు లేదు, ఆటకూ లోటు లేదు. జార్జ్ పౌల్స్ అనే కోచ్ చేతిలో పడడం ఆ పిల్లవాడి అదృష్టం. పౌల్స్ తెల్లవాడు, నల్లపిల్లల్ని తన ఇంటికి రానిచ్చి అన్నం పెట్టి ఆట నేర్పిన మనిషి. ఫ్రాంక్ రాబిన్సన్, వాడా పిన్సన్ కూడా ఆయన శిష్యులే. ముగ్గురూ పెద్ద లీగ్‌లో పేరు తెచ్చుకున్నారు.

1956లో, పద్దెనిమిదేళ్లకు, సిన్సినాటి జట్టు ఫ్లడ్‌ను తీసుకుంది. ఏడాదికి 4,000 డాలర్ల జీతం. శిక్షణ కోసం నార్త్ కరోలినాలోని చిన్న లీగ్‌కు పంపారు. ఓక్లాండ్‌లో పెరిగిన కుర్రాడికి దక్షిణాది రాష్ట్రాల జాతి వివక్ష అంటే ఏమిటో అక్కడే తెలిసింది. జట్టంతా హోటల్లోకి వెళ్లి భోజనం చేస్తే ఆయన బస్సులోనే కూర్చోవాలి. బస చేయడానికి నల్లవాళ్ల పేటలో వేరే ఇల్లు వెతుక్కోవాలి. ఒకసారి ఒకేరోజు రెండు ఆటలున్నాయి. మధ్యలో చెమట బట్టలన్నీ ఉతకడానికి ఒకచోట వేశారు. అక్కడి పనివాడు ఫ్లడ్ చొక్కాను చేత్తో ముట్టుకోకుండా కర్రతో ఎత్తి పక్కన పెట్టాడు. దాన్ని నల్లవాళ్ల చాకిరేవుకు వేరుగా పంపారు. అది తిరిగి వచ్చేదాకా ఆ కుర్రాడు ఒంటిమీద బట్ట లేకుండా కూర్చున్నాడు. ఆ లీగ్‌లో ఆ ఏడాది సగటులో మొదటివాడు ఆయనే.

సంతకం పెట్టిన కాగితం

సిన్సినాటి వాళ్లు సంతకం పెట్టించిన ఒప్పందంలో ఒక షరతు ఉంది. దాన్ని రిజర్వ్ క్లాజు అంటారు. అది ఆ ఒక్క జట్టుది కాదు, పెద్ద లీగ్‌లోని ప్రతి జట్టుదీ. 1879లో యజమానులు తమలో తాము కూడబలుక్కుని, జట్టుకు ఐదుగురు ఆటగాళ్లను పక్క జట్టు తాకకూడదని అనుకున్నారు. అక్కడ మొదలై క్రమంగా ఆటగాళ్లందరికీ అంటుకుంది.

అది పనిచేసే తీరు ఇది. ఏడాది ఒప్పందం ముగిశాక ఆటగాడు కొత్త కాగితం మీద సంతకం చేయకపోయినా, యజమాని పాత ఒప్పందాన్ని మరో ఏడాదికి తనంతట తానే పొడిగించుకోవచ్చు. ఆ పొడిగించిన ఒప్పందంలో ఆ షరతు కూడా ఉంటుంది కాబట్టి మళ్లీ ఏడాదీ పొడిగించుకోవచ్చునని యజమానులు అర్థం చెప్పుకున్నారు. అలా అంతులేకుండా. ఇంకో జట్టు ఆ ఆటగాడితో మాట్లాడకూడదు. యజమాని మాత్రం అతన్ని అమ్మవచ్చు, ఇంకొకడితో మార్చుకోవచ్చు, వద్దనుకుంటే తీసేయవచ్చు. ఇచ్చిన జీతం నచ్చకపోతే ఆటగాడికి మిగిలిన దారి ఒక్కటే, ఆట మానేయడం.

మేము గుమాస్తా ఉద్యోగాలు చేసినవాళ్లం. బదిలీ ఆర్డరు చేతిలో పడితే ఇల్లెలా ఉంటుందో మాకు తెలుసు. పిల్లల బడి, అద్దె ఇల్లు, ముసలి తల్లిదండ్రులు, అన్నీ ఒక్క కాగితంతో తలకిందులవుతాయి. అయినా మా ఉద్యోగానికీ దానికీ ఒక తేడా ఉంది. మాకు ఆ ఆఫీసు గిట్టకపోతే రాజీనామా ఇచ్చి ఇంకో ఆఫీసులో అదే కలం పట్టుకోవచ్చు. బేస్‌బాల్ ఆటగాడికి ఆ దేశంలో ఇంకో ఆఫీసు లేదు.

ఫ్లడ్‌కు ఆ షరతు రుచి త్వరగానే తెలిసింది. 1957 డిసెంబరులో ఆయన వెనిజులాలో చలికాలపు ఆటలు ఆడుతుండగా, తనను సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కు మార్చేశారని కబురు వచ్చింది. ఆయన్ని ఎవరూ అడగలేదు. అప్పటికి పందొమ్మిదేళ్లవాడు, ఊరుకున్నారు.

సెయింట్ లూయిస్‌లో పన్నెండేళ్లు

1958 నుంచి 1969 వరకు ఆయన కార్డినల్స్ ఆటగాడు. సెంటర్ ఫీల్డ్ ఆయన చోటు. మన క్రికెట్ భాషలో చెప్పాలంటే, బౌండరీకి దగ్గరగా మైదానం నడిమధ్యన నిలబడి, గాలిలోకి లేచిన ప్రతి బంతి వెనకా పరుగెత్తే పని. అందులో ఆయనను మించినవాళ్లు ఆ రోజుల్లో అరుదు. 1963 నుంచి 1969 వరకు వరుసగా ఏడేళ్లు మేటి ఫీల్డర్లకిచ్చే గోల్డ్ గ్లవ్ ఆయనకే వచ్చింది. 1966లో ఏడాది పొడవునా ఒక్క పొరపాటు చేయలేదు. ఆ వరుస 226 ఆటల దాకా సాగింది. బ్యాటుతోనూ తక్కువవాడు కాదు. మొత్తం 1,861 హిట్లు, సగటు .293. మూడుసార్లు ఆల్ స్టార్ జట్టుకు ఎంపికయ్యారు.

1964లో కార్డినల్స్ న్యూయార్క్ యాంకీస్‌ను ఓడించి వరల్డ్ సిరీస్ గెలిచింది. 1967లో బోస్టన్ మీద మళ్లీ గెలిచింది. బాబ్ గిబ్సన్, లూ బ్రాక్, బిల్ వైట్ వంటి నల్లజాతి ఆటగాళ్లూ, టిమ్ మెకార్వర్ వంటి దక్షిణాది తెల్లవాళ్లూ ఒకే కంచంలో తిన్నట్టు కలిసి ఆడిన జట్టని దానికి పేరు. 1968లో ఫైనల్ ఏడో ఆటలో మాత్రం ఒక బంతిని ఫ్లడ్ సరిగా అంచనా వేయలేకపోయారు. అది తలమీదుగా పోయింది, ఆటా పోయింది, సిరీస్ డెట్రాయిట్‌కు పోయింది. ఏడేళ్ల గోల్డ్ గ్లవ్ మనిషిని ఆ ఒక్క బంతి చాలాకాలం వెంటాడింది.

మైదానం బయట కూడా ఆయన నోరు మూసుకుని కూర్చునే మనిషి కాదు. 1962లో మిసిసిపీ రాష్ట్రం జాక్సన్‌లో నల్లజాతి హక్కుల సంఘం సభ పెడితే, జాకీ రాబిన్సన్‌తో పాటు వెళ్లి వేదిక మీద కూర్చున్నారు. ఆధునిక కాలంలో పెద్ద లీగ్‌లో ఆడిన తొలి నల్లజాతి ఆటగాడిగా ఆ తరానికి జాకీ దేవుడితో సమానం. 1964లో వరల్డ్ సిరీస్ గెలిచి కాలిఫోర్నియాకు వెళ్లి ఒక ఇల్లు అద్దెకు తీసుకుంటే, వచ్చినవాళ్లు నల్లవాళ్లని తెలిసి ఇంటాయన రానివ్వనన్నాడు, తుపాకీ బెదిరింపులకు దిగాడు. ఫ్లడ్ కోర్టు ఉత్తర్వు తెచ్చుకుని ఆ ఇంట్లోనే దిగారు.

1969 నాటికి ఆయన జీతం 90,000 డాలర్లు. ఆ రోజుల్లో లీగ్‌లో కనీస జీతం 10,000. అంటే కింది మెట్టుకూ ఆయన మెట్టుకూ తొమ్మిది రెట్ల తేడా. ఆయన పై మెట్టు మీదే ఉన్నారు. జరిగిన కథలో ఈ మాట గుర్తుంచుకోవాలి. కడుపు నిండనివాడు చేసిన పోరాటం కాదది.

తెల్లవారుజామున ఫోను

1969లో కార్డినల్స్ వెనకబడింది. ఆ ఏడాది మొదట్లోనే యజమాని ఆగస్ట్ బుష్ ఆటగాళ్లందరినీ పోగేసి, పత్రికలవాళ్ల ఎదుటే, మీకు జీతాల మీద యావ ఎక్కువైందన్న ధోరణిలో క్లాసు పీకారు. ఆయన అమెరికాలోని అతిపెద్ద బీరు కంపెనీ అధిపతి. అక్టోబరులో ఒక తెల్లవారుజామున ఫ్లడ్‌కు ఫోను వచ్చింది. మాట్లాడింది యజమాని కాదు, మేనేజరూ కాదు, ఆఫీసులో ఒక చిన్న అధికారి. మిమ్మల్ని ఫిలడెల్ఫియాకు మార్చేశామన్నది సమాచారం. తర్వాత టపాలో ఒక అచ్చు ఫారం వచ్చింది. పన్నెండేళ్ల సర్వీసుకు వీడ్కోలు అంతే.

ఆ మార్పిడిలో మొత్తం ఏడుగురు ఉన్నారు. ఫ్లడ్, మెకార్వర్, ఇంకో ఇద్దరు ఫిలడెల్ఫియాకు. అక్కడి నుంచి డిక్ ఆలెన్, ఇంకో ఇద్దరు సెయింట్ లూయిస్‌కు. ఆలెన్ కూడా నల్లజాతివాడే. ఫిలడెల్ఫియా ప్రేక్షకులు వస్తువులు విసిరితే మైదానంలో తలకు హెల్మెట్ పెట్టుకుని ఫీల్డింగ్ చేసిన మనిషి. ఆ ఊరికి తన ఇష్టం లేకుండా వెళ్లాలన్న ఆర్డరు ఫ్లడ్ చేతిలో ఉంది. అప్పటికి ఆయనకు సెయింట్ లూయిస్‌లో ఇల్లుంది, ఫోటో స్టూడియో వ్యాపారముంది, పన్నెండేళ్ల స్నేహాలున్నాయి. వయసు 31.

ఆయన ముందు రెండు దారులున్నాయి. ఫిలడెల్ఫియా వాళ్లు జీతం పెంచుతామంటున్నారు, వెళ్లి ఆడడం ఒకటి. ఆట మానేయడం రెండోది. ఆయన మూడో దారి పట్టారు. ఆటగాళ్ల సంఘం నాయకుడు మార్విన్ మిల్లర్‌ను కలిశారు. మిల్లర్ ఉక్కు కార్మికుల యూనియన్‌లో ఏళ్ల తరబడి పనిచేసి, 1966లో ఈ సంఘానికి వచ్చిన మనిషి. ఆశ పెట్టడం ఆయన పద్ధతి కాదు. కేసు గెలిచే అవకాశం చాలా తక్కువ అని చెప్పారు. గెలిచినా నీకు పైసా రాకపోవచ్చన్నారు. ఇక ఎప్పటికీ ఏ జట్టులోనూ కోచ్‌గానో మేనేజర్‌గానో ఉద్యోగం దొరకదన్నారు. ఫ్లడ్ అడిగింది ఒక్కటే. ఈ కేసు మిగతా ఆటగాళ్లకు పనికొస్తుందా అని. పనికొస్తుందని మిల్లర్ చెప్పారు. అయితే సరేనన్నారు ఫ్లడ్.

డిసెంబరులో పోర్టోరికోలో ఆటగాళ్ల ప్రతినిధులు సమావేశమయ్యారు. ఇది జాతి సమస్య కోసం వేస్తున్న కేసా అని ఒక ప్రతినిధి అడిగారు. నల్లవాడిగా తాను పడిన బాధ వేరే ఉందనీ, ఈ షరతు మాత్రం ప్రతి ఆటగాడి మెడకూ ఉందనీ ఫ్లడ్ వివరించారు. సంఘం 25–0 ఓట్లతో ఆయన వెనక నిలబడింది, లాయరు ఖర్చు భరిస్తామంది. డిసెంబరు 24న ఆయన కమిషనర్ బౌవీ కూన్‌కు ఉత్తరం రాశారు. తాను ఇష్టం లేకుండా అమ్మి కొనే సరుకును కాననీ, మిగతా జట్లతో మాట్లాడుకునే హక్కు తనకుందనీ దాని సారాంశం. కూన్ ఒప్పుకోలేదు. 1970 జనవరిలో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో కేసు పడింది.

ఏడాదికి 90,000 తీసుకుంటూ బానిసనంటాడా అని పత్రికల్లో వెక్కిరింపులు మొదలయ్యాయి. ఎంత జీతమిచ్చినా, కాదనే హక్కు లేనప్పుడు ఆ మనిషి స్థితి మారదన్నది ఆయన జవాబు. తిట్లతో, బెదిరింపులతో ఉత్తరాలు కట్టలుగా వచ్చాయి.

యజమానుల వాదన, లెక్కల సాక్ష్యం

కోర్టులో యజమానుల వాదన వినడానికి బాగుంది. ఈ షరతు తీసేస్తే గొప్ప ఆటగాళ్లంతా డబ్బున్న పెద్ద నగరాల జట్లకు పోతారు. చిన్న నగరాలు వెలవెలబోతాయి. ఎవరు గెలుస్తారో ముందే తెలిసిపోతే టికెట్టు కొనేవాడుండడు. కాబట్టి ఆటగాడి స్వేచ్ఛను కొంచెం తగ్గించడం ఆట కోసమే. ఇదీ వాదన.

అయితే షరతు ఉన్న తొంభై ఏళ్లలో జరిగిందేమిటో లెక్కలు చూద్దాం. 1919 డిసెంబరులో బోస్టన్ యజమాని బేబ్ రూత్‌ను యాంకీస్‌కు 100,000 డాలర్లకు అమ్మాడు. ఆ తర్వాత బోస్టన్ మళ్లీ వరల్డ్ సిరీస్ గెలిచింది 2004లో. ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ యజమాని కానీ మ్యాక్ డబ్బు ఇబ్బంది వచ్చినప్పుడల్లా గెలిచిన జట్టును ముక్కలుగా అమ్ముకున్నాడు. 1914లో లీగ్‌లో మొదటి స్థానంలో ఉన్న జట్టు 1915లో అట్టడుగున ఉంది. ఫ్లడ్ ఆడిన సెయింట్ లూయిస్‌లోనే ఒకప్పుడు బ్రౌన్స్ అనే ఇంకో జట్టుండేది. 52 ఏళ్లలో ఒకే ఒక్కసారి, 1944లో, తన లీగ్ గెలిచి, చివరికి ఊరే వదిలిపోయింది. అదే కాలంలో న్యూయార్క్ సంగతి చూడండి. 1947 నుంచి 1964 వరకు 18 ఏళ్లలో అమెరికన్ లీగ్‌ను యాంకీస్ 15 సార్లు గెలిచింది. వరల్డ్ సిరీస్ 10 సార్లు గెలిచింది.

అంటే షరతు ఉన్నా గొప్ప ఆటగాళ్లు పెద్ద నగరానికే చేరారు. చేరే దారి మాత్రం వేరు. ఆటగాడు తనంతట తాను వెళితే ఆ పెరిగిన ధర అతని జీతంలోకి వస్తుంది. యజమాని అమ్మితే యజమాని జేబులోకి పోతుంది. రూత్‌కు పలికిన లక్ష డాలర్లు రూత్‌వి కావు. సైమన్ రాటెన్‌బర్గ్ అనే ఆర్థికవేత్త 1956లోనే ఈ సంగతి వివరంగా రాశారు. షరతు వల్ల ఆటగాడు ఎక్కడ ఆడతాడన్నది పెద్దగా మారదు, అతని విలువ ఎవరికి దక్కుతుందన్నదే మారుతుందని ఆయన లెక్క. ఆ ఏడాదే ఓక్లాండ్ కుర్రాడు 4,000 డాలర్లకు సంతకం పెట్టాడు.

మరో మాటా న్యాయంగా చెప్పాలి. 1965లో కొత్త కుర్రాళ్లను వరుస ప్రకారం జట్లకు పంచే డ్రాఫ్ట్ పద్ధతి వచ్చింది. వెనకబడిన జట్టుకు ముందు వంతు. యాంకీస్ జోరు తగ్గడానికి అదీ ఒక కారణం. అంటే సమతూకం తేవడానికి మనిషిని జీవితాంతం కట్టేయని దారులు కూడా ఉన్నాయని యజమానులకే తెలుసు.

ఖాళీ కుర్చీలు

1970 మే, జూన్ నెలల్లో విచారణ జరిగింది. ఫ్లడ్ తరఫున లాయరు ఆర్థర్ గోల్డ్‌బర్గ్, సుప్రీం కోర్టులో జడ్జిగా చేసినవాడు. సాక్ష్యం చెప్పడానికి జాకీ రాబిన్సన్ వచ్చారు. అప్పటికే మధుమేహంతో చూపు మందగించి, నడక కష్టమైన మనిషి. పాత తరం యూదు ఆటగాడు హ్యాంక్ గ్రీన్‌బర్గ్ వచ్చారు. యజమానిగా చేసిన బిల్ వీక్ కూడా వచ్చి ఆటగాడి పక్షాన మాట్లాడారు.

రానివాళ్లు ఒకరే. అప్పుడు ఆడుతున్న ఆటగాళ్లు. వందలమంది ఉన్నారు. కేసు గెలిస్తే లాభం వాళ్లదే. ఒక్కడంటే ఒక్కడు సాక్ష్యానికి రాలేదు, ఊరికే వచ్చి వెనక కూర్చున్నవాడు కూడా లేడు. యజమాని కంట పడితే వచ్చే ఏడాది జీతం ఏమవుతుందో, చోటే ఉంటుందో లేదో అన్న భయం. ప్రాణస్నేహితుడు బాబ్ గిబ్సన్ కూడా మనసులో మద్దతున్నా దూరంగానే ఉన్నానని తర్వాత ఒప్పుకున్నారు.

సంఘాలు నడిపేవాళ్లకు ఇది కొత్త కాదు. తీర్మానానికి చేతులెత్తేవాళ్లు వేరు, వాయిదా రోజు కోర్టుకు వచ్చేవాళ్లు వేరు. 25–0 ఓట్లు పడ్డ సంఘంలో కోర్టు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఓట్లు వేసినవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. సంసారాలున్నవాళ్లు. ఫ్లడ్‌కూ సంసారముంది. ఐదుగురు పిల్లలు. ఆ ఏడాది ఆయన ఆడలేదు, జీతం లేదు.

ఆగస్టులో జడ్జి కేసు కొట్టేశారు. 1922లో సుప్రీం కోర్టు బేస్‌బాల్ రాష్ట్రాల మధ్య వ్యాపారం కిందికి రాదని, గుత్తాధిపత్య నిరోధక చట్టం దానికి వర్తించదని తీర్పు చెప్పింది. 1953లో అదే తీర్పును నిలబెట్టింది. పై కోర్టు మాట దాటడం కింది కోర్టుకు కుదరదు. అప్పీలు కోర్టులోనూ అదే జరిగింది.

1971లో వాషింగ్టన్ సెనేటర్స్ జట్టు 110,000 డాలర్లు ఇస్తామంటే, అప్పుల్లో ఉన్న ఫ్లడ్ ఒప్పుకున్నారు. ఏడాదిన్నర ఆటకు దూరమైన కాళ్లు మాట వినలేదు. 13 ఆటలాడి ఏడే హిట్లు కొట్టారు. ఏప్రిల్ నెలాఖరున యజమానికి ఒక టెలిగ్రాం ఇచ్చి విమానమెక్కి దేశం విడిచి వెళ్లిపోయారు. స్పెయిన్‌కు చెందిన మయోర్కా ద్వీపంలో ఒక బారు నడుపుకుంటూ ఉన్నారు. తాగుడు అప్పటికే అలవాటు, అక్కడ ముదిరింది.

తీర్పు

ఆయన అక్కడ ఉండగానే 1972 జూన్ 19న సుప్రీం కోర్టు తీర్పు వచ్చింది. 5–3 తేడాతో ఓటమి. తొమ్మిదో జడ్జి పావెల్‌కు కార్డినల్స్ యజమాని కంపెనీలో షేర్లుండడంతో ఆయన తప్పుకున్నారు. తీర్పు రాసిన జడ్జి బ్లాక్‌మన్ ముందుగా బేస్‌బాల్ చరిత్రను పొగుడుతూ పాత ఆటగాళ్ల పేర్ల జాబితా ఒకటి ఇచ్చారు. ఆ తర్వాత అసలు సంగతికి వచ్చారు. బేస్‌బాల్ వ్యాపారమేననీ, బాక్సింగ్‌కూ ఫుట్‌బాల్‌కూ లేని మినహాయింపు దీనికొక్కదానికే ఉండడం వింతేననీ ఒప్పుకున్నారు. అయినా యాభై ఏళ్లుగా ఉన్నదాన్ని మార్చవలసింది కోర్టు కాదు, చట్టసభ అన్నారు. ముగ్గురు జడ్జీలు విభేదించారు. వాళ్లలో సుప్రీం కోర్టు తొలి నల్లజాతి జడ్జి తుర్‌గుడ్ మార్షల్ ఒకరు.

తప్పని ఒప్పుకుంటూనే తప్పును అలాగే ఉంచిన తీర్పది. మనలో కోర్టు మెట్లెక్కినవాళ్లకు ఆ రకం తీర్పులు తెలిసే ఉంటాయి.

పండు ఎవరికి దక్కింది

కోర్టులో ఓడినా, ఆ కేసు వల్ల జనానికి మొదటిసారి ఆ షరతు సంగతి తెలిసింది. ఆటగాళ్లకు కూడా తాము సంతకం పెడుతున్న కాగితంలో ఏముందో తెలిసింది. 1973లో యజమానులు ఒక మెట్టు దిగారు. లీగ్‌లో పదేళ్లు, అందులో చివరి ఐదేళ్లు ఒకే జట్టులో ఆడినవాడిని అతని అనుమతి లేకుండా మార్చకూడదన్న నియమం వచ్చింది. పన్నెండేళ్లు ఒకే జట్టుకు ఆడిన ఫ్లడ్‌కు ఆ నియమం 1969లో ఉంటే ఈ కథే లేదు. 1974 నుంచి జీతం తగాదాలు తీర్చడానికి మధ్యవర్తి పద్ధతి వచ్చింది. 1975 డిసెంబరు 23న పీటర్ సైట్జ్ అనే మధ్యవర్తి, ఆండీ మెసర్‌స్మిత్, డేవ్ మెక్‌నల్లీ అనే ఇద్దరు బౌలర్ల కేసులో, పొడిగింపు ఒక్క ఏడాదికే చెల్లుతుందని చెప్పారు. తొంభై ఆరేళ్ల షరతు ఆ రోజుతో కూలింది. 1976లో ఆరేళ్లు ఆడినవాడు తన ధర తాను అడుక్కోవచ్చని ఒప్పందం కుదిరింది.

జట్లు కూలిపోతాయన్న జోస్యం ఏమైంది? 1978 నుంచి 1987 వరకు పదేళ్లలో పది వేర్వేరు జట్లు వరల్డ్ సిరీస్ గెలిచాయి. షరతు బలంగా ఉన్న రోజుల్లో అలాంటి పదేళ్లు ఎన్నడూ లేవు.

అంతా బాగైపోయిందని మేము చెప్పడం లేదు. 1996 నుంచి 2000 వరకు ఐదేళ్లలో నాలుగుసార్లు యాంకీసే గెలిచింది. పెద్ద నగరాల టీవీ డబ్బుకూ చిన్న నగరాల ఆదాయానికీ పొంతన లేకుండా పోయింది. అప్పుడు ఆదాయంలో కొంత పంచుకోవడం, హద్దు దాటి జీతాలిచ్చే జట్టు మీద పన్ను వేయడం వంటివి గట్టిపరిచారు. ఐపీఎల్‌లో లాంటి గట్టి పర్సు పరిమితి అక్కడ ఈ రోజుకీ లేదు. 2002లో ఓక్లాండ్ జట్టు సుమారు 4 కోట్ల డాలర్ల జీతాలతో 103 ఆటలు గెలిచింది. యాంకీస్ సుమారు 12.5 కోట్లు పెట్టి గెలిచిందీ 103 ఆటలే. ఇంకోవైపు, భారీగా ఖర్చుపెట్టే లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ 2024లోనూ 2025లోనూ వరుసగా సిరీస్ గెలిచింది. డబ్బు గెలుపుకు హామీ కాదు కానీ తోడు మాత్రం అవును.

ఆటగాళ్ల మధ్య తేడా కూడా పెరిగింది. ఫ్లడ్ నాడు తొమ్మిది రెట్లు. 2025లో కనీస జీతం 760,000 డాలర్లు. న్యూయార్క్ మెట్స్ హువాన్ సోటోకు 15 ఏళ్లకు రాసిచ్చింది 76.5 కోట్ల డాలర్లు, అంటే ఏడాదికి 5.1 కోట్లు. అరవై ఏడు రెట్లు. ఈ తేడా గురించి ఎంతైనా వాదించుకోవచ్చు. కానీ ఇప్పటి వాదన జట్ల మధ్య డబ్బు ఎలా పంచాలన్నది. మనిషిని కట్టేస్తేనే ఆట నిలుస్తుందన్న మాట ఇప్పుడు ఎవరూ పైకి అనలేరు. ఆ తేడా తెచ్చినవాడు ఫ్లడ్.

చివరి రోజులు

ఆయన 1970ల మధ్యలో ఓక్లాండ్ తిరిగి వచ్చారు. చేతిలో డబ్బు లేదు, తాగుడు వదల్లేదు. మిల్లర్ చెప్పినట్టే ఏ జట్టూ పిలిచి కోచ్ ఉద్యోగం ఇవ్వలేదు. 1978లో ఒక్క ఏడాది ఓక్లాండ్ జట్టు రేడియో వ్యాఖ్యానం చేశారు. తర్వాత ఊరి పిల్లల ఆటల విభాగంలో పనిచేశారు. పౌల్స్ తనకు చేసింది తాను ఇంకొకరికి చేసినట్టయింది. 1986లో నటి జూడీ పేస్‌ను పెళ్లాడారు. ఆ రోజుల్లోనే తాగుడు మానేశారు. చివరి పదేళ్లు కాస్త నెమ్మదిగా గడిచాయి. గొంతు క్యాన్సర్ వచ్చి, మాట పోయి, 1997 జనవరి 20న లాస్ ఏంజెలెస్‌లో కన్నుమూశారు. రెండు రోజుల ముందే 59 నిండాయి.

మరుసటి ఏడాది అమెరికా చట్టసభ ఆయన పేరు మీదే ఒక చట్టం చేసింది. పెద్ద లీగ్ ఆటగాళ్ల ఉద్యోగ వ్యవహారాల్లో ఆ పాత మినహాయింపు చెల్లదన్నారు. 1972లో కోర్టు చట్టసభ మీదికి నెట్టిన పని 26 ఏళ్లకు జరిగింది.

బేస్‌బాల్ మహామహుల పేర్లుంచే హాల్ ఆఫ్ ఫేమ్ అనే మందిరం ఒకటి న్యూయార్క్ రాష్ట్రంలో ఉంది. ఆయన ఉత్తరాన్ని కాదన్న కమిషనర్ కూన్ అందులో ఉన్నారు. ఆయనకు దారి చూపిన మిల్లర్ ఉన్నారు. 1969 మార్పిడిలో ఆయనకు బదులుగా వచ్చిన డిక్ ఆలెన్‌ను 2025లో చేర్చుకున్నారు. కర్ట్ ఫ్లడ్ పేరు అక్కడ లేదు. హిట్లు సరిపోలేదని కొందరంటారు. ఆయన చేసిన పనిని హిట్లతో కొలవకూడదని మేమంటాం.

మన పిల్లలు అమెరికాలో ఉద్యోగాలు మారుతున్నారు, ఇక్కడా మారుతున్నారు. నచ్చకపోతే కాగితం ఇచ్చి బయటికి రావడం వాళ్లకు గాలి పీల్చినంత మామూలు. ఆ హక్కు కోసం ఎక్కడో ఎవరో జీతం పోగొట్టుకుని కోర్టులో ఒంటరిగా కూర్చున్నారని వాళ్లకు చెప్పాలి. మనలోనూ రేపు ఒకరు అందరి కోసం ముందుకు రావచ్చు. బడి కోసమో, భాష కోసమో, ఉద్యోగం కోసమో. వాళ్లు గెలుస్తారో లేదో తెలియకపోవచ్చు. తీర్మానానికి చేయెత్తి ఊరుకోకుండా, వాయిదా రోజు మనం వెళ్లి వెనక బెంచీలో కూర్చుందాం.